బతుకు అందరిదీ, జీవనశైలి కొందరిదే

ఇటీవలి దశాబ్దాలలో తెలుగు పత్రికా భాషలో బాగా ఒళ్లు చేసిన మాటలలో ‘జీవనశైలి’ ఒకటి. వైద్యుడి సలహాలోనూ, స్థిరాస్తి వ్యాపారి కరపత్రంలోనూ, ఆదివారం అనుబంధంలోనూ, ప్రభుత్వ ప్రకటనలోనూ ఒకే ధీమాతో కనిపించే ఈ సమాసానికి చెప్పుకునే అర్థం చాలా సాధువైనది: మనిషి తినే తిండి, కట్టే బట్ట, ఉండే ఇల్లు, చేసే పని, గడిపే తీరిక కలిసి ఏర్పడే బతుకుతీరు. ఆ లెక్కన ఊపిరి పీల్చే ప్రతివారికీ ఒక జీవనశైలి ఉండి తీరాలి. వాడుక అందుకు ఒప్పుకోదు. హైదరాబాదు కోకాపేటలో ఇరవయ్యో అంతస్తులో నివసించేవారికి జీవనశైలి ఉంటుంది. ఆ అంతస్తుకు ఇటుకలు మోసినవారికి ‘పరిస్థితులు’ ఉంటాయి. నల్లమల చెంచులకు ‘జీవన విధానం’ ఉంటుంది, అదీ మ్యూజియం అద్దాల వెనుక. ఊళ్లో కులానికి ‘ఆచారం’ ఉంటుంది. పేదవాడికి ‘అలవాట్లు’ ఉంటాయి, అవీ చాలావరకు దురలవాట్లే.

సమాస నిర్మాణం కూడా తమాషాగానే ఉంది. సంస్కృతంలో ‘శైలి’ అన్నది ‘శీలం’ నుంచి పుట్టిన మాట. నడవడి, వాడుక, బతికే పద్ధతి అనేవి దాని అర్థాలు. ఆంగ్లంలోని ‘స్టైల్’ మాత్రం లాటిన్ ‘స్టిలుస్’ నుంచి, అంటే మైనపు పలక మీద రాసే గంటం నుంచి వచ్చింది. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు గానీ, అనువాదకులకు ఆ మాత్రం పోలిక దొరికితే చాలు. ఆ విధంగా ‘లైఫ్‌స్టైల్’కు జోడుగా కుదిరిన ‘జీవనశైలి’ని విడదీసి చూస్తే ‘బతుకు యొక్క బతుకుతీరు’ అని తేలుతుంది. ‘నడి సెంటరు’ పక్కన దానికి నిస్సందేహంగా చోటు దక్కుతుంది.

పునరుక్తిని వ్యాకరణం క్షమిస్తుంది. క్షమించరానిది ఈ మాట వెంట చప్పుడు చేయకుండా లోపలికి వచ్చేసే ‘ఎంపిక’ అనే ఊహ. శైలి అన్నాక అది ఎవరో కోరి ఎంచుకున్నదే అయి ఉంటుందనీ, ఎంచుకున్నాక దాని మంచిచెడ్డలకు ఎంచుకున్నవారే పూచీ అనీ వినేవారు తమకు తెలియకుండానే ఒప్పేసుకుంటారు. దానితో ఉన్నవారు అనుభవించేది వారి అభిరుచికి నిదర్శనమవుతుంది, లేనివారు అనుభవించేది వారి అజాగ్రత్తకు ఫలితమవుతుంది. ఒకే మాట ఒక వీధిలో పూలదండగానూ, పక్క వీధిలో అభియోగపత్రంగానూ పనిచేయడం భాషా చరిత్రలో అరుదైన సౌకర్యమే.

పశ్చిమ దేశాలలో ఈ భావానికి శాస్త్ర గౌరవం కల్పించినవారు ఇంత తేలిగ్గా ఆలోచించినవారు కారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్, మరణానంతరం 1922లో వెలువడిన ‘ఆర్థిక వ్యవస్థ, సమాజం’ అనే గ్రంథంలో, ఆస్తిపాస్తులను బట్టి ఏర్పడే వర్గానికీ, సంఘంలో దక్కే గౌరవాన్ని బట్టి ఏర్పడే అంతస్తు సమూహానికీ తేడా చూపుతూ, ఈ రెండోది తన బతుకుతీరును ప్రత్యేకంగా దిద్దుకుని ఇతరులను దూరం పెడుతుందని వివరించాడు. అంటే ఆయన దృష్టిలో అది ఒక ప్రహరీ గోడ. వియన్నా మనోవైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ అదే మాటను వేరే పనికి వాడాడు: పసితనంలోనే, నాలుగైదేళ్ల వయసుకే రూపుకట్టి, తర్వాత మనిషి తన లోటుపాట్లను ఎదుర్కొనే పద్ధతిని నడిపించే మానసిక ధోరణికి ఆయన ఆ పేరు పెట్టాడు. ఫ్రెంచి పండితుడు పియెర్ బోర్దియు 1979లో ప్రచురించిన ‘డిస్టింక్షన్’లో మరింత నిర్మొహమాటంగా, అభిరుచి అన్నది ఆకాశం నుంచి ఊడిపడదనీ, పుట్టిన ఇల్లు, దొరికిన చదువు, చేతిలో ఆడే డబ్బు కలిసి మనిషి ఒంట్లో ఇంకిపోయే సంస్కారమే అభిరుచిగా బయటపడుతుందనీ చెప్పి, ఆ సంస్కారానికి ‘హాబిటస్’ అనే మాట వాడాడు. పేదలు తమకు అందిన ముతక తిండినే ఇష్టపడటం నేర్చుకోవడాన్ని ఆయన ‘అవసరపు అభిరుచి’ అన్నాడు. ఈ ముగ్గురినీ చదవకుండానే వారి మాటను సొంతం చేసుకున్న ప్రకటనల రంగాన్ని మెచ్చుకోవాలి. చదివి ఉంటే వాడుకోవడానికి చెయ్యి వచ్చేది కాదు.

మన సాహిత్యంలో లైఫ్‌స్టైల్ పుటకు మూలపురుషుడెవరని వెతికితే వాత్స్యాయనుడు దొరుకుతాడు. కామసూత్రాలలోని ‘నాగరకవృత్తం’ అనే ప్రకరణం పట్టణంలో కాపురముండే సంపన్నుడి దినచర్యను వరసగా ఏకరువు పెడుతుంది. పొద్దున్నే పళ్లు తోముకుని, ఒంటికి కొద్దిగా మైపూత అలదుకుని, ధూపం పట్టించుకుని, మాల వేసుకుని, పెదవులకు లత్తుక అద్దుకుని, అద్దంలో ముఖం చూసుకుని, తాంబూలం సేవించి ఆ మహానుభావుడు పనికి ఉపక్రమించాలి. స్నానం రోజూ, ఒళ్లు పట్టించుకోవడం రోజు విడిచి రోజు, నురుగుతో రుద్దుకోవడం మూడో నాడు, క్షౌరం నాలుగో నాడు. భోజనమయ్యాక చిలకలకు, గోరువంకలకు మాటలు నేర్పాలి, కోడిపందేలు, పొట్టేళ్ల పందేలు చూడాలి, పగటినిద్ర పోవాలి. ఇంతకీ ఆయన చేసే పని ఏమిటో తెలియదు. ధూపం పట్టినదెవరో, ఒళ్లు పట్టినదెవరో, నీళ్లు తోడినదెవరో అసలే తెలియదు. ఈనాటి లైఫ్‌స్టైల్ పుట ఆ సంప్రదాయాన్ని నిష్ఠగా కాపాడుతూ, ఉదయం అయిదింటికి లేచి ధ్యానం చేసి, నానబెట్టిన బాదం పప్పులు తిని, గంటసేపు వ్యాయామం చేయమని బోధిస్తుందే గానీ, ఆ గంటలో వంట ఎవరు చేస్తున్నారో, పిల్లలకు జడలు ఎవరు వేస్తున్నారో పొరపాటున కూడా రాయదు. అయినా వాత్స్యాయనుడిలో ఇప్పటివారికి లేని నిజాయితీ ఒకటి ఉంది: చదువు ముగించి, ధనం సమకూర్చుకుని, గృహస్థుడైన తర్వాతే ఈ వృత్తమని ఆయన మొదటి సూత్రంలోనే షరతు పెట్టాడు.

ఆ షరతును మింగేసి మిగతాదంతా అమ్మడంలో ఆరితేరినవారు స్థిరాస్తి వ్యాపారులు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం ధర గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. అంత పెట్టి కొన్న నేల మీద కట్టినదాన్ని ‘ఇల్లు’ అని పిలిస్తే గిట్టుబాటు కాదు గనుక, కరపత్రంలో ఇల్లు కనిపించదు, ‘అల్ట్రా లగ్జరీ లైఫ్‌స్టైల్’ కనిపిస్తుంది. అందులో క్లబ్‌హౌస్, ఈతకొలను, యోగా డెక్, జాగింగ్ ట్రాక్, పెంపుడు కుక్కలకు ప్రత్యేక ఉద్యానం వరసగా కొలువుదీరి ఉంటాయి. పడకగదిలో మంచం వేశాక బీరువా తలుపు తెరుచుకుంటుందా లేదా అన్న సంగతి మాత్రం చివరి పుటలో చీమతలంత అక్షరాలలో ఉంటుంది. ఈ వ్యాపారంలో ‘సూపర్ బిల్టప్ ఏరియా’ అనే పారిభాషిక పదం ఒకటి ఉంది: గోడలతో సహా ఫ్లాటు జాగాకు వరండాలు, మెట్లు, లిఫ్టులు, క్లబ్‌హౌస్ వంటి ఉమ్మడి స్థలాలలో వాటాను కలిపి చెప్పే కొలత అది. గోడల మధ్య నిజంగా కాలు మోపగలిగే జాగాను ‘కార్పెట్ ఏరియా’ అంటారు, దాన్ని కొనుగోలుదారుకు విడిగా చెప్పి తీరాలని 2016 నాటి రెరా చట్టం నిర్దేశించింది. ఈ రెండు కొలతల మధ్య తేడా ఎంతో అంతే చదరపు అడుగుల మేర జీవనశైలి ఉందని అర్థం చేసుకోవచ్చు. అక్కడ మంచం వేయడం కుదరదు, ఈఎంఐ కట్టడం కుదురుతుంది.

ఇలాంటి సముదాయాలు కొన్నింటిలో పనివారికి వేరే లిఫ్టు ఉంటుంది. ఆ ఇంట్లో అంట్లు తోమే చెయ్యి, వంట చేసే చెయ్యి, పసిబిడ్డను ఎత్తుకునే చెయ్యి లోపల ఎవరికీ అభ్యంతరం కావు గానీ, లిఫ్టులో బొత్తాం నొక్కేసరికి మైలపడతాయి. పాత పల్లెలో దీన్ని అంటరానితనం అనేవారు. ఇక్కడ దీనికి ‘కమ్యూనిటీ లివింగ్ గైడ్‌లైన్స్’ అని పేరు. వెబర్ చెప్పిన గోడకు లిఫ్టు అమర్చడమే ఇందులో జరిగిన అభివృద్ధి.

వైద్యరంగానికి వస్తే ఈ మాట స్వరం మారుతుంది, తియ్యదనం పోయి గద్దింపు వస్తుంది. మధుమేహం, అధిక రక్తపోటు, గుండెజబ్బు వంటి అంటుకోని దీర్ఘరోగాలను ‘జీవనశైలి వ్యాధులు’ అని పిలవడం ఆనవాయితీ అయింది. పొగాకు, మద్యం, సరికాని తిండి, శ్రమ లేకపోవడం అనే నాలుగూ వీటికి ముఖ్య కారణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంతోకాలంగా చెబుతోంది, అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారనీ అంచనా వేసింది. ఇన్ని కోట్ల మంది ఒక్కసారిగా కూడబలుక్కుని చెడ్డ శైలిని ఎంచుకున్నారని నమ్మడం కంటే, వారందరి చుట్టూ ఉన్నదేదో మారిందని అనుమానించడం తేలిక. ఆ అనుమానం కరపత్రానికి రాదు. ‘అన్నం తగ్గించండి, రోజూ నడవండి, ఎక్కువసేపు కూర్చోకండి, టెన్షన్ పడకండి’ అనే నాలుగు ముక్కలతో దాని బాధ్యత తీరిపోతుంది.

ఈ నాలుగు ముక్కలను నిజామాబాద్, కామారెడ్డి, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీ ముందు పెట్టి చూడాలి. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకుల కట్ట, చేతిలో కత్తెర. ఆకును కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొస మడవాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, కంపెనీ పట్టుకెళ్లేముందు ఆకు బాగాలేదనో చుట్ట వదులైందనో తీసిపారేసినవి పోగా. వెయ్యి పూర్తయ్యేదాకా నడుం వంచి కూర్చోక తప్పదు. శాస్త్ర పరిభాషలో దీన్ని ‘సెడెంటరీ లైఫ్‌స్టైల్’, అంటే కదలిక లేని జీవనశైలి అంటారు. సోఫాలో కూర్చుని క్రికెట్ చూసేవాడికీ ఈమెకూ అందులో ఒకే గది. పొగాకుకు దూరంగా ఉండాలన్న సలహా ఆమెకు మరీ బాగా నప్పుతుంది, ఎందుకంటే ఆమె బీడీ తాగదు, పగలంతా ఆ పొడిని పీలుస్తుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను ప్రారంభించి, దానికి ‘జీవనభృతి’ అని పేరు పెట్టింది, 2019లో దాన్ని 2,016 రూపాయలకు పెంచింది. పేరు పెట్టిన అధికారి ఎవరో గానీ మాటల తేడా బాగా తెలిసినవాడు. భృతితో బతికేవారికి శైలి దాకా వెళ్లే తాహతు ఉండదని ఆయన ముందే గ్రహించాడు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం దగ్గర జీవనశైలే రోగానికి కారణమనే ఈ సిద్ధాంతం పూర్తిగా నోరు మూసుకోవలసి వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య రోజంతా చెమటోడ్చే రైతులు, కూలీలు మూత్రపిండాల వ్యాధితో పోతున్నారు. వారిలో చాలామందికి షుగరూ లేదు, బీపీ కూడా లేదు. నీళ్లా, ఎండా, పురుగుమందులా, లోహాలా, వంశపారంపర్యమా అన్నది ఏళ్ల తరబడి పరిశోధించినా తేలలేదు, అందుకే వైద్యులు దాన్ని ‘కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి’ అనే పేరుతో పిలుస్తారు. అక్కడికి చివరకు చేరినది సలహా పత్రం కాదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి, హిరమండలం జలాశయం నుంచి శుద్ధి చేసిన తాగునీటి పథకం మొదలైంది. జబ్బు చుట్టూ ఉన్న నీటిని మార్చవచ్చునన్న ఆలోచన ప్రభుత్వాలకు కూడా వస్తుందనడానికి ఇది రుజువు. కాకపోతే జనం ఏళ్ల తరబడి పోయాక వచ్చింది.

ఇక తిండి. ‘అవసరపు అభిరుచి’ ఎలా పుడుతుందో, ఎలా తిరగబడుతుందో చూడడానికి తెలుగువారి జొన్న కంటే మంచి ఉదాహరణ దొరకదు. శ్రీనాథుడివిగా ప్రచారంలో ఉన్న చాటువులు పల్నాటి జొన్నకూటిని వెక్కిరిస్తాయి. ఆ వెక్కిరింపు శతాబ్దాల పాటు నిలిచింది, ఎందుకంటే రాయలసీమలోనూ తెలంగాణ మెట్ట ప్రాంతాలలోనూ వరి అన్నం పండగనాటి ముద్దగా ఉంటే, జొన్న, సజ్జ, కొర్ర, రాగి రోజువారీ కూడుగా, అంటే లేమికి గుర్తుగా ఉండేవి. రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం తిన్నదీ కట్టినదీ ఆడినదీ కావ్యాల నుంచి ఏరి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డి, ఇలాంటి చాటువులను కూడా సాక్ష్యాలుగానే చదివాడు. ఆయనకు కూలివాడి కూడు కూడా చరిత్రే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడంతో పేద ఇంటి పొయ్యి మీదకు తెల్లన్నం రోజూ ఎక్కింది, ఆకలి తగ్గింది. అది చిన్న మేలు కాదు. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి ఊరూరా పాకింది. బోర్లు, ఎత్తిపోతలు, కొనుగోలు కేంద్రాలు అన్నీ వరి చుట్టూ తిరిగాయి. జొన్నచేను ఎవరూ తప్పు శైలి అనుకుని మానలేదు. కొనేవాడు లేక మానారు.

అదే 1983లో జహీరాబాద్ ప్రాంతంలో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలో చేరిన దళిత స్త్రీలు పాత గింజల విత్తనాలను దాచి, బీళ్లు సాగుచేసి, జొన్నలతో సొంత రేషన్ పద్ధతి నడిపి, చిరుధాన్యాలను ప్రభుత్వ చౌకధరల దుకాణాలలో పెట్టమని దశాబ్దాల పాటు అడుగుతూ వచ్చారు. అప్పుడు వారి తిండిని ఎవరూ జీవనశైలి అనలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ గింజలకు ‘పోషక ధాన్యాలు’ అని పేరు మార్చింది, 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అంతలో నిన్నటి ‘తృణధాన్యం’ సిరిధాన్యమై, జిప్ కవరులో చేరి, నగరంలో సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకు కూర్చుంది. జొన్నరొట్టెను కేఫ్‌లో పింగాణీ పళ్లెంలో వడ్డిస్తే ‘మైండ్‌ఫుల్ ఈటింగ్’ అట, అంటే మనసు పెట్టి తినడమట. బిల్లు చూశాక మనసు పెట్టక తప్పదు. మరోవైపు 2025 ఉగాది నాడు తెలంగాణ ప్రభుత్వం హుజూర్‌నగర్‌లో ఉచిత సన్నబియ్యం పథకాన్ని ప్రారంభించి, కార్డులోని ప్రతి మనిషికీ నెలకు ఆరు కిలోలు ఇస్తోంది. రేషన్ దుకాణం సన్నబియ్యం ఇస్తుంటే, ఆరోగ్య కేంద్రం అన్నం తగ్గించమంటుంది. ఈ రెంటి మధ్యా సంచీ పట్టుకుని నిలబడిన మనిషి తన జీవనశైలిని ఎక్కడ మార్చుకోవాలో చెప్పగల నిపుణుడు ఇంకా పుట్టలేదు.

పర్యావరణ రంగం కూడా ఈ పంక్తిలో ఒక విస్తరి వేయించుకుంది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధానమంత్రి ప్రతిపాదించి, 2022 అక్టోబరులో గుజరాత్‌లోని ఏక్తా నగర్‌లో ప్రారంభించిన ‘మిషన్ లైఫ్’ పర్యావరణానికి తగిన జీవనశైలిని పాటించమంటూ పౌరులకు 75 పనుల జాబితా ఇచ్చింది. గుడ్డసంచి వాడడం, సిగ్నల్ దగ్గర ఇంజను ఆపడం వంటివి అందులో ఉన్నాయి. ఉద్దేశం మంచిదే. చిరిగిన చీరలను పొరలుగా పేర్చి బొంత కుట్టి, ఆ బొంత కూడా చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డగా వాడే ఇల్లాలికి దీని వల్ల కొత్తగా తెలిసేది మాత్రం తన పేదరికానికి ‘సస్టైనబుల్ లివింగ్’ అనే బిరుదు ఉందన్న సంగతి ఒక్కటే. అదే బొంత నగరంలోని దుకాణంలో చేతికుట్టు కళాఖండంగా వేలాడుతుంటే దాని ధర చూసి ఆమె నవ్వుకోవచ్చు.

దేన్నైనా స్పష్టంగా నిర్వచించలేనప్పుడు ‘జీవన విధానం’ అనేయడం ఈ కుటుంబంలోని మరో ముద్దుల సంతానం. యోగా కేవలం వ్యాయామం కాదు, ఒక జీవన విధానం. ఆయుర్వేదం కేవలం వైద్యం కాదు, ఒక జీవన విధానం. ఆఖరికి హైదరాబాదులో బిర్యానీ కూడా కేవలం తిండి కాదు. 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎన్నికల వివాదాల మీద ఇచ్చిన తీర్పు హిందుత్వను ఉపఖండ ప్రజల జీవన విధానంగా పేర్కొన్నప్పటి నుంచి, ఆ మాట తమకు అనుకూలమైన ప్రతివారి ఉపన్యాసంలోనూ నెగ్గుకొస్తోంది. తీర్పులోని తర్కం న్యాయకోవిదులు తేల్చుకోవలసినది. ఎవరి జీవనం, ఎవరి విధానం అని అడిగే అలవాటు పోవడం మాత్రం భాష వాడేవారందరికీ సంబంధించినది.

నడక మంచిదే. పొగాకు మానడం, ఉప్పు తగ్గించడం మంచివే. చేతిలో తీరిక, జేబులో డబ్బు, వీధిలో కాలిబాట ఉన్నవాడితో అలవాట్లు మార్చుకోమని వైద్యుడు కాస్త కటువుగా చెప్పినా ఆక్షేపించనక్కరలేదు, ఎందుకంటే అతడి దగ్గర ఎంపిక అన్నది నిజంగా ఉంది. అది లేనివారి గురించి రాసేటప్పుడు పత్రికా సంపాదకులు, ఆరోగ్యశాఖ అధికారులు, ఆసుపత్రుల యాజమాన్యాలు ఒక చిన్న శ్రమ తీసుకోవాలి: ‘జీవనశైలి మార్చుకోండి’ అని అచ్చు వేసిన ప్రతిచోటా, ఆ మార్పుకు అయ్యే ఖర్చు ఎంతో, దాన్ని భరించవలసినది రోగా, పని ఇచ్చిన యజమానా, పురపాలక సంఘమా అన్నది అదే సైజు అక్షరాలలో పక్కనే రాయాలి. అంత పని కుదరకపోతే, ‘రోజూ నలభై అయిదు నిమిషాలు నడవండి’ అనే పోస్టరును ఆ గోడ పక్కన నడవడానికి బాట ఉందో లేదో ఒకసారి చూసి అతికించినా మేలే.